బీడీ, బిహార్, డిలీట్ చేసిన ఒక పోస్టు: పార్టీ హ్యాండిల్ తప్పు చేస్తే ఏం జరుగుతుంది, ఏం చేయాలి

ప్రశ్న: 2025లో కేరళ కాంగ్రెస్ వాళ్ళు ఎక్స్‌లో బీడీని, బిహార్‌ని కలిపి పోస్టు పెట్టారు, తీసేశారు, క్షమాపణ కూడా చెప్పారు. అయినా అంత రభస ఎందుకైంది? ఎక్కడో కేరళలో పెట్టిన పోస్టు బిహార్ ఎన్నికల్ని ఎలా తాకుతుంది? ఎన్నికల సంఘం (ఈసీ) ఏమీ చేయలేదేం? జిల్లాలో పార్టీ పేజీలు చూసుకునే మాలాంటివాళ్ళు ఏం జాగ్రత్త పడాలి?

జవాబు:

ముందు జరిగిందేమిటో చూద్దాం. ఇందులో తేదీల వరుసే అసలు కథ.

2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం రేట్లు మార్చింది. సిగరెట్లు 40 శాతం శ్లాబులోకి వెళ్ళాయి. బీడీల మీద పన్ను మాత్రం 28 నుంచి 18 శాతానికి, బీడీ చుట్టే తునికాకు మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిహార్ అసెంబ్లీ ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయి. పొగాకు మీద వేసే పన్నుని 'సిన్ ట్యాక్స్' అంటారు కదా, దాన్ని పట్టుకుని కేరళ కాంగ్రెస్ అధికారిక ఎక్స్ హ్యాండిల్ ఇంగ్లిష్‌లో ఒక చురక వేసింది: బీడీ, బిహార్ రెండూ 'బి'తోనే మొదలవుతాయి, ఇక దీన్ని పాపంగా చూడక్కర్లేదు అని. వాళ్ళ లెక్కలో అది మోదీ మీద, ఎన్నికల ముందు పన్ను కోత మీద విసిరిన బాణం. బిహార్‌లో చదివినవాళ్ళకి మాత్రం మోదీ కనబడలేదు, పన్ను కనబడలేదు. తమ రాష్ట్రాన్ని బీడీ పక్కన నిలబెట్టడం ఒక్కటే కనబడింది.

సెప్టెంబర్ 5కల్లా పోస్టు పోయింది. బీజేపీ నుంచి బిహార్ అప్పటి ఉపముఖ్యమంత్రి సమ్రాట్ చౌధరి ఇది మొత్తం బిహార్‌కే అవమానం అన్నారు. జేడీయూ నేత సంజయ్ ఝా 'బి' అంటే బుద్ధి, బడ్జెట్ కూడా అని తిప్పికొట్టారు. మిత్రపక్షమైన ఆర్జేడీ నుంచి తేజస్వీ యాదవ్ ఆ పోస్టు తప్పని ఒప్పుకున్నారు. కేరళ పీసీసీ అధ్యక్షుడు సన్నీ జోసెఫ్ పొరపాటు జరిగిందన్నారు. డిజిటల్ మీడియా సెల్ బాధ్యుడు వీటీ బల్‌రామ్ తప్పుకుంటున్నారని ఒకరోజు వార్తలొచ్చాయి. ఆ తర్వాత సన్నీ జోసెఫే, రాజీనామా ఏమీ లేదు, పోస్టులో ఆయన పాత్ర లేదు, సెల్‌ని పునర్వ్యవస్థీకరిస్తాం అన్నారు. సెప్టెంబర్ 15న పూర్ణియా సభలో ప్రధాని ఆ బీడీ పోలికని ఎత్తారు. డిలీట్ అయిన పోస్టు 10 రోజుల తర్వాత ప్రధాని ప్రసంగంలో తేలింది. "తీసేశాం కదా" అనేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ అది.

ఇక ఎందుకంత రభస అన్న దానికి. పోస్టులోని మాట ఘాటు వల్ల అనుకుంటారు చాలామంది. మన రాజకీయాల్లో రోజూ దొర్లే తిట్లతో పోలిస్తే అదేం పెద్ద మాట కాదు. దెబ్బ తగిలింది రెండు కారణాల వల్ల: గురి నాయకుడి మీద నుంచి జనం మీదకి జారింది. జారిన ఆ మాట, అవతలివాళ్ళు అప్పటికే తయారుచేసి పెట్టుకున్న ఫైల్లో సరిగ్గా సరిపోయింది.

గురి జారడం గురించి కాస్త వివరంగా. "ఫలానా ముఖ్యమంత్రి ఎన్నికల కోసం పన్ను తగ్గించాడు" అంటే ఆయన, ఆయన పార్టీ జవాబు చెప్పుకుంటారు. "ఫలానా రాష్ట్రం ఇలాంటిది" అన్నట్టు ధ్వనిస్తే, ఆ రాష్ట్రంలో మీకు ఓటేసేవాడు కూడా గాయపడతాడు. మీ వైపున్న కార్యకర్తకి టీ కొట్టు దగ్గర జవాబుండదు. బిహార్ విషయంలో ఈ గాయం ఇంకా లోతు. పల్లెల్లో ఇంటికొకరు బయటి రాష్ట్రంలో పనిలో ఉంటారు. పంజాబ్ పొలాల్లో, సూరత్ మిల్లుల్లో, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ పనుల్లో, తెలంగాణ రైస్ మిల్లుల్లో. 2020 లాక్‌డౌన్‌లో కూలీలంతా సొంతూళ్ళకి పోతున్నప్పుడు, బిహార్ నుంచి రైస్ మిల్లు హమాలీలతో వచ్చిన రైలుకి లింగంపల్లి స్టేషన్‌లో తెలంగాణ మంత్రే ఎదురెళ్ళి స్వాగతం చెప్పిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ హమాలీ ఊరు దాటగానే 'బిహారీ' అన్న పిలుపుని తిట్టుగా వింటాడు. ఛఠ్ పండక్కి ఇంటికెళ్ళి చెబుతాడు. 2025లో ఛఠ్ అక్టోబర్ ఆఖరి వారంలో వచ్చింది, మొదటి విడత పోలింగ్ నవంబర్ 6న. అలాంటి చోట రాష్ట్రం పేరు మీద జోకు వేయడమంటే ఓటరు ఎప్పటినుంచో మోస్తున్న అవమానం మీద వేలు పెట్టడం.

దీనికి పదేళ్ళ కిందటి ఉదాహరణ ఉంది, అప్పుడు దెబ్బ తిన్నది అవతలి పక్షం. 2015 జులై 25న ముజఫర్‌పూర్ సభలో మోదీ నీతీశ్ కుమార్ రాజకీయ డీఎన్ఏలోనే ఏదో తేడా ఉందన్నట్టు మాట్లాడారు. అది ఒక మనిషిని అన్న మాట. నీతీశ్ దాన్ని బిహారీల డీఎన్ఏని అన్నట్టు తిప్పారు. బహిరంగ లేఖ రాశారు. 'శబ్ద్ వాపసీ' అని పేరు పెట్టి, మాట వెనక్కి తీసుకోమంటూ జనం దగ్గర గోళ్ళు, వెంట్రుకలు సేకరించి ఢిల్లీకి పంపే ఉద్యమం నడిపించారు. ఆ ఎన్నికల్లో మహాకూటమికి 243లో 178 సీట్లొచ్చాయి. గెలుపుకి లాలూతో పొత్తు, కులాల లెక్క అసలు కారణాలు. డీఎన్ఏ మాట ఒక్కటే గెలిపించిందంటే నేనొప్పుకోను. కానీ ఒక పద్ధతి అప్పుడు స్థిరపడింది: నాయకుణ్ణి అన్న మాటని కూడా జనం మీదకి లాగొచ్చు. నాయకుణ్ణి అన్న మాటకే అంత అయితే, నేరుగా రాష్ట్రం పేరే రాసిచ్చిన పోస్టు అవతలివాళ్ళకి అయాచిత వరం. లాగే కష్టం కూడా లేదు.

ఇక ఫైలు సంగతి. 2025 ఆగస్టు 17న ససారాంలో మొదలైన రాహుల్ గాంధీ ఓటర్ అధికార్ యాత్రకి బయటి రాష్ట్రాల నాయకులు వచ్చారు. రేవంత్ రెడ్డి రాగానే, 2023 డిసెంబర్‌లో ఆయన కేసీఆర్‌ని విమర్శిస్తూ తెలంగాణ డీఎన్ఏ బిహార్ డీఎన్ఏ కంటే మెరుగన్న పాత మాటని బీజేపీ, ప్రశాంత్ కిశోర్ ఇద్దరూ బయటికి తీశారు. స్టాలిన్ ముజఫర్‌పూర్ రాగానే ఆయన పార్టీ డీఎంకే ఎంపీ దయానిధి మారన్ హిందీ రాష్ట్రాల కూలీల గురించి అన్న మాటలు తీశారు. 2022లో పంజాబ్ ఎన్నికల్లో అప్పటి కాంగ్రెస్ ముఖ్యమంత్రి చన్నీ అన్న 'యూపీ, బిహార్ భయ్యాలు' మాట ఎలాగూ ఉంది. ఆగస్టు చివర్లో దర్భంగాలో యాత్ర వేదిక మీద నుంచి ఒకడు ప్రధాని తల్లిని తిట్టాడు, అరెస్టయ్యాడు. సెప్టెంబర్ 2న మోదీ దాని మీద ఉద్వేగంగా మాట్లాడారు. 4న ఎన్డీఏ బిహార్ బంద్ జరిపింది. సరిగ్గా అదే సమయానికి బీడీ పోస్టు. అది చాలదన్నట్టు 10న బిహార్ కాంగ్రెస్సే ప్రధాని తల్లి కలలో కనబడినట్టు ఏఐ వీడియో పెట్టింది. అందులో అగౌరవమేమీ లేదని పార్టీ వాదించింది. 17న పట్నా హైకోర్టు దాన్ని అన్ని వేదికల నుంచీ తీసేయమంది.

ఈ వరుసలో బీడీ పోస్టు విడిగా చూస్తే చిన్నది. వరుసలో చూస్తే "వీళ్ళకి బిహార్ అంటే చులకన" అన్న వాదనకి ఇంకో సాక్ష్యం. ప్రతి పార్టీ వార్ రూమ్‌లోనూ ఎదుటి పార్టీ మీద ఇలాంటి ఫైలొకటి ఉంటుంది. మీ పోస్టు ఎంత చెడ్డదన్నది తర్వాతి సంగతి, అది ఆ ఫైల్లో ఎన్నో పేజీ అవుతుందన్నది ముందు చూడాలి.

ఓట్ల లెక్కకొస్తే, నవంబర్ 14న ఎన్డీఏకి 202 సీట్లు, ఆర్జేడీకి 25, 61 చోట్ల పోటీ చేసిన కాంగ్రెస్‌కి 6 వచ్చాయి. బీడీ పోస్టు వల్ల ఓడారని ఎవరైనా అంటే నమ్మకండి. అంత తేడా ఒక పోస్టుతో రాదు. పోయింది వేరే: యాత్ర సెప్టెంబర్ 1న పట్నాలో ముగిసింది. ఓటర్ల జాబితా సవరణ, ఓట్ల చోరీ ఆరోపణలు అప్పుడే జనంలోకి ఎక్కుతున్నాయి. యాత్ర ఊపుని ఇంకో రెండు వారాలు లాగాల్సిన సమయంలో పార్టీ ప్రతినిధులు టీవీల ముందు కూర్చుని తిట్టుకి, బీడీకి, వీడియోకి సంజాయిషీ ఇచ్చుకున్నారు. పోగొట్టుకున్నది ఎజెండా. దాన్ని లెక్కకట్టే మీటర్ లేదు కాబట్టే పార్టీలు దీన్ని తేలిగ్గా తీసుకుంటాయి.

ఇంకో విడ్డూరం. బీడీ మీద అడగాల్సిన ప్రశ్నలు నిజంగానే ఉన్నాయి. ఆరోగ్యానికి చెడ్డదే అయినా బీడీకి ఒక పన్ను, సిగరెట్‌కి ఒక పన్ను ఏమిటి? తగ్గిన పన్ను చుట్టేవాళ్ళ కూలి రేటులోకి వస్తుందా, కంపెనీ జేబులోకి పోతుందా? నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి వైపు ఆడవాళ్ళని అడిగితే వెయ్యి బీడీల కూలి లెక్క నోటికి చెబుతారు. తెలంగాణలో బీడీ కార్మికులకి ఆసరా పింఛను విడిగా వచ్చిందంటేనే ఎన్ని ఇళ్ళు దాని మీద ఆధారపడ్డాయో అర్థమవుతుంది. కేరళ సంగతే చూస్తే, కన్నూరులో 1969లో పుట్టిన దినేశ్ బీడీ సహకార సంఘం ఆ రాష్ట్ర కార్మిక చరిత్రలో పెద్ద పేరు. అలాంటి రాష్ట్రం నుంచి బీడీ కార్మికుడి వైపు నిలబడి ఒక పోస్టు రాయొచ్చు. అక్షరం కలిసిందన్న సరదాకి ఆ అవకాశం పోయింది.

ఇప్పుడు ఈసీ. బిహార్ ఎన్నికల షెడ్యూల్ 2025 అక్టోబర్ 6న వచ్చింది. ప్రవర్తనా నియమావళి, అంటే కోడ్, ఆ ప్రకటన క్షణం నుంచే అమల్లోకి వస్తుంది. సెప్టెంబర్ మొదటి వారంలో కోడ్ లేదు కాబట్టి కోడ్ ఉల్లంఘన అన్న మాటకే తావు లేదు. కోడ్ ఉన్నా కథ అంత సులువు కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 125వ సెక్షన్ ఎన్నికలకి సంబంధించి వర్గాల మధ్య శత్రుత్వం రేపడాన్ని నేరం అంటుంది, 3 ఏళ్ళ వరకూ జైలు. కానీ అందులోని ప్రాతిపదికలు మతం, జాతి, కులం, సముదాయం, భాష. 'ఏ రాష్ట్రంవాడు' అన్నది అందులో లేదు. భారతీయ న్యాయ సంహిత 196లో మాత్రం పుట్టిన చోటు, నివాసం కూడా ఉన్నాయి. అయితే 196 కింద కోర్టు విచారణకి తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. పైగా 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి మాటల కేసుల్లో ఎఫ్‌ఐఆర్ కట్టే ముందు బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 173(3) కింద ప్రాథమిక విచారణ జరపడం సముచితమంది. డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ముగించాల్సిన విచారణ అది. మాటని తూచేటప్పుడు ప్రతిదానికీ వణికిపోయే మనిషి కొలతతో కాకుండా, నిబ్బరంగల మామూలు మనిషి కొలతతో చూడాలని కూడా చెప్పింది. చెడ్డ జోకు ఈ గడప దాటడం కష్టం.

'అవినీతి చర్య' కింద ఎన్నికే రద్దవుతుందేమో అని భయపడేవాళ్ళున్నారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ వర్తించాలంటే ఆ పని అభ్యర్థి గానీ, ఏజెంటు గానీ, వాళ్ళ సమ్మతితో వేరొకరు గానీ చేయాలి. నామినేషన్లే పడని సెప్టెంబర్‌లో, వేరే రాష్ట్రపు హ్యాండిల్ చేసిన పోస్టుని ఆ చట్రంలో ఇరికించలేరు.

చట్టం నిజంగా కదిలే సందర్భాలు వేరు. కర్ణాటకలో 2024 మే 4న రాష్ట్ర బీజేపీ హ్యాండిల్ పెట్టిన యానిమేషన్ వీడియో చూడండి. గూట్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ గుడ్ల మధ్య 'ముస్లిం' గుడ్డు పెట్టి, దానికే నిధులు తినిపిస్తున్నట్టు రాహుల్, సిద్ధరామయ్య బొమ్మలు గీశారు. 5న కాంగ్రెస్ ఫిర్యాదు చేసింది. బెంగళూరు పోలీసులు కేసు కట్టారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి (సీఈఓ) 5నే తీసేయమని ఎక్స్‌కి చెప్పించినా అది తీయలేదు. 7న ఈసీ స్వయంగా తక్షణం తొలగించమని రాసింది. ఆ 7వ తేదీనే కర్ణాటకలో మిగిలిన 14 స్థానాలకి పోలింగ్. అంటే ఆదేశం వచ్చేసరికి జనం బూత్‌ల ముందు వరసల్లో ఉన్నారు.

ఇది బీడీ పోస్టు లాంటిది కాదు. అక్కడ నోరు జారింది, ఇక్కడ ఆ మాట అనడమే ప్రచారం. తెలిసి పెట్టినవాళ్ళు మూడు రోజులు ఉంచి పని కానిచ్చుకుంటారు. క్షమాపణ అడిగి లాభం లేదు. ఫిర్యాదుదారు చేయగలిగింది వేగంగా, సరైన సెక్షన్లతో, స్క్రీన్ రికార్డింగ్ జతచేసి జిల్లా అధికారికీ, సీఈఓకీ, ఈసీకీ ఒకేసారి పంపడం. ఆలస్యం ఎంత ఉంటుందో మనకీ అనుభవమే. సిరిసిల్లలో 2024 ఏప్రిల్ 5న కేసీఆర్ కాంగ్రెస్ మీద చేసిన వ్యాఖ్యలకి ఈసీ 48 గంటల ప్రచార నిషేధం విధించింది మే 1న. మధ్యలో 26 రోజులు. పోలింగ్ మే 13న.

ఇక మీ అసలు ప్రశ్న, ఏం చేయాలి.

పోస్టుకి ముందు చూసుకోవాల్సింది పెద్ద మాన్యువల్ ఏమీ కాదు. రాసినవాడు కాకుండా రెండో మనిషి చదవాలి. ఆ రెండో మనిషి వేరే ఊరివాడో, వేరే కులంవాడో, ఆ జోకు వినని వయసువాడో అయితే మంచిది. ఒకే గదిలో ఒకే టేస్టుతో ఉన్న నలుగురు నవ్వితే అది పరీక్ష కిందకి రాదు. చదివేవాడు ఒక్కటే చూడాలి: ఇందులో నాయకుడి పేరు, పార్టీ పేరు, పథకం పేరు తీసేస్తే ఇంకా ఎవరి పేరు మిగులుతుంది? రాష్ట్రం, ఊరు, కులం, మతం, వృత్తి, భాష, ఒకరి తల్లో భార్యో మిగిలితే ఆపేయాలి. బీడీ పోస్టుకి ఈ పరీక్ష పెట్టి చూడండి. అసలు మోదీ పేరే లేని వాక్యంలో మిగిలింది బిహార్ ఒక్కటే.

పేరు పొందిన హ్యాండిళ్ళకి ఇంకో జబ్బుంది. కేరళ కాంగ్రెస్ ఖాతా ఎగతాళికి ప్రసిద్ధి, ఫాలోయర్లు దానికోసమే వస్తారు. 2024 జూన్‌లో మోదీ పోప్‌ని కలిసిన ఫొటో మీద పోస్టు పెట్టి, క్రైస్తవుల మనసు నొచ్చుకుందని తీసేసి క్షమాపణ చెప్పింది. 2025 ఫిబ్రవరిలో ఒక సినీనటి బ్యాంకు రుణం మాఫీ విషయంలో పెట్టిన పోస్టుని ఆమే బహిరంగంగా ఖండించింది. రెండుసార్లు తృటిలో తప్పించుకున్నాక మూడోసారి తప్పించుకోలేదు. లైకులు పెరిగే కొద్దీ గీత ఎక్కడుందో మరిచిపోతారు. అందుకే వ్యంగ్యం రాసే మనిషి, పోస్టు నొక్కే మనిషి ఒకరే కాకూడదు. ఎన్నికలున్న రాష్ట్రం పేరు వచ్చే ప్రతి పోస్టుకీ ఆ రాష్ట్ర పార్టీలో ఒకరి ఓకే తప్పనిసరి చేయాలి. వాట్సాప్‌లో ఒక మెసేజ్ చాలు. జవాబు రాకపోతే పోస్టు లేదు. రెండు గంటలు ఆగితే పాతబడే జోకుని వదిలేసినా పోయేదేం లేదు.

తప్పు జరిగిపోయాక మొదటి గంటలో జరిగే పొరపాట్లే ఎక్కువ నష్టం చేస్తాయి. కంగారుగా డిలీట్ నొక్కేముందు పోస్టు లింకు, సమయం, ఎన్ని వ్యూలు, ఎవరెవరు కోట్ చేశారో అంతా స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. రేపు నోటీసో ఎఫ్‌ఐఆరో వస్తే మీ దగ్గర రికార్డు ఉండాలి, లేకపోతే సాక్ష్యం మాయం చేశారన్న మాట పడుతుంది. దీనికి 5 నిమిషాలు. తర్వాత అన్ని చోట్లా తీసేయండి. ఎక్స్‌లో తీసేసి, ఇన్‌స్టా స్టోరీలో, ఫేస్‌బుక్‌లో, టెలిగ్రాంలో, వాట్సాప్ చానెల్‌లో మరిచిపోవడం చాలా మామూలు. రెండోరోజు విలేకరి అదే చూపిస్తాడు. ఆటోమేటిక్‌గా వెళ్ళేట్టు పెట్టిన షెడ్యూల్ పోస్టులన్నీ ఆపండి. క్షమాపణ కింద పది నిమిషాలకి ఇంకో వెటకారం వెళితే అంతే సంగతులు. డబ్బు పెట్టి బూస్ట్ చేసిన పోస్టు అయితే ఇంకోటి తెలుసుకోండి: రాజకీయ ప్రకటనలు మెటా యాడ్ లైబ్రరీలో 7 ఏళ్ళు ఉంటాయి. మీరు ఆపినా అది అక్కడ కనబడుతూనే ఉంటుంది, కాబట్టి "మేమలాంటిది పెట్టలేదు" అన్న మాట జన్మలో అనకండి.

ఆ గంటలోనే ఫోన్లు. క్రమం ముఖ్యం: మీ రాష్ట్ర అధ్యక్షుడు, ఢిల్లీ నుంచి వచ్చే ఇన్‌ఛార్జి, దెబ్బ తగిలిన రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు, అక్కడి మిత్రపక్షం. ఈ నలుగురికీ క్షమాపణ ముసాయిదా చేరాకే పబ్లిక్‌గా పెట్టాలి. మిత్రపక్షం నాయకుడు టీవీ మైకు ముందు తెలుసుకుంటే ఆయన తన పరువు కాపాడుకునే మాటే అంటాడు, అది మీకే తగులుతుంది.

క్షమాపణలో కేరళ హ్యాండిల్ చేసిన తప్పు చదివి నేర్చుకోదగ్గది. జీఎస్టీ మీద మోదీ గిమ్మిక్కుని ఎగతాళి చేస్తే దాన్ని వక్రీకరిస్తున్నారు, మీకు బాధ కలిగితే క్షమించండి అన్నట్టు రాశారు. ఒక్క ముక్కలో మూడు తప్పులు. ప్రత్యర్థి మీద ఇంకో దెబ్బ వేశారు, తప్పు చదివినవాళ్ళదన్నారు, 'కలిగితే' అని షరతు పెట్టారు. చివరికి ఎవరికి చెప్పారో, అంటే బిహార్ ప్రజలకి, ఆ పేరే లేదు. అవతలివాళ్ళకి అది క్షమాపణగా కాకుండా రెండో పోస్టుగా పనికొచ్చింది. మీకు ఎప్పుడైనా అవసరమైతే ఇంత చాలు:

"బీడీల పన్ను గురించి మేం పెట్టిన పోస్టులో బిహార్ పేరు వాడటం తప్పు. దాన్ని తొలగించాం. బిహార్ ప్రజలకు క్షమాపణ చెబుతున్నాం."

మూడు వాక్యాలు. ఇందులో 'అయితే', 'కానీ', 'ఉద్దేశం' అన్న మాటలు ఉండకూడదు. ఉద్దేశం చెప్పుకోవాలంటే మూడు రోజులాగి వేరే చోట చెప్పుకోండి. అదే హ్యాండిల్ నుంచి, గాయపడినవాళ్ళ భాషలో కూడా పెట్టాలి. ఇంగ్లిష్‌లో, మలయాళంలో చెప్పే క్షమాపణ బిహార్ పల్లెకి చేరదు. కేరళ వాళ్ళకి హిందీలో రాసే మనిషి దొరకడం కష్టమేం కాదు. అదే రోజు రాష్ట్ర అధ్యక్షుడు కెమెరా ముందు ఆ మూడు వాక్యాలే చెప్పాలి, ప్రశ్నలకి నిలబడకుండా వెళ్ళకూడదు. రెండు ప్రశ్నలు తీసుకుంటే చాలు.

ఎవరు చేశారన్న దానికి పార్టీలు ఎప్పుడూ మూడు దారులు వెతుకుతాయి: అకౌంట్ హ్యాక్ అయింది, కొత్తగా చేరిన కుర్రాడు చేశాడు, బయటి ఏజెన్సీ చేసింది. హ్యాక్ అయిందంటే పోలీసు ఫిర్యాదు కాపీ అడుగుతారు, అది లేకపోతే అబద్ధం ఇంకో వార్త. కుర్రాడి మీద తోస్తే రేపు ఏ కార్యకర్తా మీ పేజీకి పని చేయడు, పైగా ఆ కుర్రాడే చాట్ స్క్రీన్‌షాట్లు బయటపెడతాడు. బాధ్యత పదవిలో ఉన్న మనిషిది. ఉంచుతారో తీసేస్తారో ఒకేసారి, ఒకే నోటితో చెప్పండి. కేరళలో రాజీనామా అని ఒకరోజు, లేదని మరో రోజు వార్త రావడంతో రెండు రోజుల్లో చల్లారాల్సింది ఇంకా సాగింది.

మిత్రపక్షం వాళ్ళు గనక ఇది చదువుతుంటే: తేజస్వీ చేసినట్టు తప్పుని తప్పనడమే మంచిది. సమర్థించబోతే మీకూ అంటుతుంది, పట్టించుకోనట్టుంటే మౌనమే అంగీకారం అంటారు. ఒక్క వాక్యం ఖండన, మళ్ళీ మీ అంశం.

కోడ్ అమల్లోకి వచ్చాక మీకు అదనంగా రెండు నిబంధనలు. సొంత హ్యాండిల్లో పెట్టే మామూలు రాజకీయ వ్యాఖ్యకి ముందస్తు అనుమతి అక్కర్లేదు. డబ్బు కట్టి వేసే ప్రకటనకి, అది టీవీ అయినా సోషల్ మీడియా అయినా బల్క్ ఎస్‌ఎంఎస్ అయినా, ఎంసీఎంసీ (ప్రకటనల్ని ముందే చూసి ఆమోదించే ఎన్నికల కమిటీ) సర్టిఫికెట్ తప్పనిసరి. రాష్ట్ర పార్టీ ప్రకటనలకి రాష్ట్ర కమిటీ, అభ్యర్థివి జిల్లా కమిటీ. గుర్తింపు పొందిన పార్టీలు, పోటీలో ఉన్న అభ్యర్థులు ప్రసారానికి కనీసం 3 రోజుల ముందు, మిగతావాళ్ళు 7 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. చాలామంది పట్టించుకోని సంగతి, ఈ కమిటీ మీ ప్రకటనని వెనక్కి పంపితే దాన్ని తిట్టుకోకండి. ఉచితంగా దొరికిన రెండో పాఠకుడు.

రెండోది ఏఐ. 2025 అక్టోబర్ 24న బిహార్ ఎన్నికల సమయంలో ఈసీ ఇచ్చిన సూచన ప్రకారం, ఏఐతో చేసిన బొమ్మ లేదా వీడియో మీద కనబడే భాగంలో కనీసం 10 శాతం మేర లేబుల్ ఉండాలి. ఆడియో అయితే మొదటి 10 శాతం నిడివిలో చెప్పాలి. అభ్యంతరకరమైనది మీ దృష్టికి వస్తే 3 గంటల్లో తీసేయాలి. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అన్న వివరాలు రికార్డు పెట్టాలి. జిల్లా స్థాయిలో ఈ చివరిది ఎవరూ చేయరు. ఒక ఎక్సెల్ షీట్ తెరిచి తేదీ, పోస్టు, రాసినవాడు, ఓకే చేసినవాడు, బొమ్మ ఎక్కడిది అని అయిదు గళ్ళు పెట్టండి. రోజుకి పది నిమిషాల పని. గొడవ జరిగిన రోజు "ఎవరు చేశారు" అన్న వెతుకులాట, ఒకళ్ళ మీద ఒకళ్ళు తోసుకోవడం దానితోనే ఆగుతాయి.

చివరగా, పొరుగు రాష్ట్రానికి మీ నాయకుణ్ణి ప్రచారానికి పంపేటప్పుడు కనీసం వారం ముందు ఒక పని చేయండి. ఆ రాష్ట్రం పేరు, అక్కడివాళ్ళని పిలిచే పేర్లు, అక్కడి పెద్ద కులాల పేర్లు పెట్టి ఆయన పాత ఇంటర్వ్యూలు, సభలు, మీ హ్యాండిళ్ళ పాత పోస్టులు అన్నీ వెతకండి. తెలుగులో అన్నవి అక్కడిదాకా పోవనుకోకండి. దొరికిన ప్రతి మాట పక్కన, విలేకరి అడిగితే చెప్పాల్సిన ఒక వాక్యం ఆ రాష్ట్ర భాషలో రాసి ఇవ్వండి. క్షమాపణ చెప్పాల్సినదుంటే దిగిన రోజే, మొదటి ప్రెస్‌మీట్‌లోనే చెప్పించండి. ఆ కాగితం చేతికి రాకపోతే ప్రయాణం ఒకరోజు వాయిదా వేయండి.